బురదలో పెట్టె, మంచు పట్టిన అద్దం: ధ్రువాల మీథేన్‌ను ఎలా కొలుస్తారు?

ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల, అంటే పర్మాఫ్రాస్ట్, కరిగితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఎంత బయటపడుతుందన్న అంకెలు పత్రికల్లో రకరకాలుగా వస్తున్నాయి. ఈసారి పాఠకుల ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ అంకెలు ఎలా పుడతాయన్న దాని మీదే. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మీథేన్‌ను చూసే ఉపగ్రహాలు ఇన్ని ఉన్నాయి కదా. చలిలో, దోమల్లో మనుషులు వెళ్లి నేల మీద పెట్టెలు బోర్లించడం ఇంకా ఎందుకు? (ఇంజనీరింగ్ విద్యార్థి)

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద, వాతావరణం చివరి దాకా ఉన్న గాలినంతా పోగేస్తే అందులో మీథేన్ దాదాపు 11 గ్రాములు ఉంటుంది. బాగా తడిసిన టండ్రా నేల ఒక చదరపు మీటరు నుంచి వేసవిలో రోజుకు 30, 40 మిల్లీగ్రాములు వదలవచ్చు. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తోందనుకుంటే, ఉపగ్రహం చూసే 7 కిలోమీటర్ల గడిని అది 23, 24 నిమిషాల్లో దాటిపోతుంది. ఆ కాస్త సేపట్లో నేల నుంచి గాలిలో చేరేది అర మిల్లీగ్రాము పైచిలుకు. సుమారు 1,900 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో ఇన్ని భాగాలు) ఉన్న చోట పెరిగేది 0.1 పీపీబీ అన్నమాట. 2017లో పంపిన సెంటినెల్-5పీ ఉపగ్రహంలోని ట్రోపోమీ పరికరానికి ఒక్కో కొలతలో ఉండే తడబాటే దీనికి సుమారు వంద రెట్లు. గ్యాస్ పైపు పగిలితే అదే ఉపగ్రహం ఇట్టే పట్టేస్తుంది, ఎందుకంటే అక్కడ గ్యాసంతా ఒకే చోట నుంచి ఎగదన్నుతుంది. టండ్రా అలా కాదు. వేల కిలోమీటర్ల మేర కొద్దికొద్దిగా ఊరుతుంది.

పైగా ఈ ఉపగ్రహాలు నేల మీద పడి వెనక్కి వచ్చే ఎండను చూసి కొలుస్తాయి. ధ్రువ రాత్రిలో ఎండే ఉండదు. వసంతంలో సూర్యుడు దిగంతాన్ని పట్టుకుని తిరుగుతుంటాడు, కిరణం ఏటవాలుగా చాలా గాలిని దాటి రావాలి. మన కంటికి తెల్లగా మెరిసే మంచు, మీథేన్‌ను చూసే 2.3 మైక్రాన్ల కాంతిలో దాదాపు నల్లగా ఉంటుంది. చెరువు నీళ్లూ అంతే. ఇక మబ్బుల సంగతి చెప్పక్కర్లేదు. సొంత లేజర్ వెలుగుతో చీకట్లో కూడా కొలిచేలా ఫ్రాన్స్, జర్మనీ కలిసి మెర్లిన్ అనే ఉపగ్రహాన్ని సిద్ధం చేస్తున్నది అందుకే.

విమానాలు మధ్యేమార్గం. నాసా విమానం అలాస్కా, వాయవ్య కెనడాల మీద దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు చూసి, మీథేన్ ఎక్కువగా ఉన్న చుక్కలను సుమారు 20 లక్షలు గుర్తించింది. అవి చాలావరకు నీటి అంచుకు 40 మీటర్ల లోపే ఉన్నాయి. ఎక్కడ వెతకాలో దీంతో తెలుస్తుంది. ఏడాదికి ఎంత వస్తోందో తెలియదు. దానికి బురదలోకి దిగాల్సిందే.

ప్రశ్న: ఛాంబర్ పద్ధతి గురించి పాఠంలో రెండు వాక్యాలే ఉన్నాయి. అసలు పెట్టె ఎలా ఉంటుంది, లెక్క ఎలా వేస్తారు, ఎక్కడ తప్పు జరుగుతుంది? (ఎమ్మెస్సీ విద్యార్థిని)

చూడ్డానికి ఇంత సులువైన పద్ధతి లేదు. చెడగొట్టడానికీ ఇంత సులువైనది లేదు.

ముందు నేలలో ఒక కాలరు దించుతారు. ప్లాస్టిక్ లేదా అల్యూమినియం చట్రం, 40 సెంటీమీటర్ల చదరం, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు. దించేటప్పుడు నాచునూ వేళ్లనూ పదునైన కత్తితో ముందే కోయాలి. బలవంతంగా తొక్కి దించితే పీట్ (సగం కుళ్లిన నాచు, మొక్కల పొర) నలిగి, అందులో చిక్కుకున్న బుడగలు బయటికి వచ్చేస్తాయి. తెగిన వేళ్లు కుళ్లడం వల్ల కూడా కొన్నాళ్లు అంకెలు పాడవుతాయి. కనీసం వారం, వీలైతే ముందు సీజన్‌లోనే కాలర్లు దించి వదిలేయడం మంచిది. కాలరు పై అంచు చుట్టూ గాడి ఉంటుంది, అందులో నీళ్లు పోసి దాని మీద పెట్టెను బోర్లిస్తే గాలి చొరబడదు. సున్నా కింద నీళ్లు గడ్డకడతాయి కాబట్టి అప్పుడు మెత్తటి రబ్బరు ఫోమ్ వాడతారు.

పెట్టె ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుందాం. లోపల 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి, ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి, పక్కన సన్నని వెంట్ గొట్టం. ఈ వెంట్‌ను చాలామంది పట్టించుకోరు. అది లేకపోతే పెట్టెను మూసేటప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి నేలలోని గ్యాస్ కిందికి నొక్కుకుపోతుంది. పంపు గాలి లాగితే అందుకు విరుద్ధంగా పెట్టె నేల నుంచి అదనంగా గ్యాస్ పీలుస్తుంది.

లేజర్ విశ్లేషకం ఉంటే పెట్టెను 5 నిమిషాలు మూస్తే చాలు, సెకనుకో అంకె వస్తుంది. లేకపోతే 60 మిల్లీలీటర్ల సిరంజితో, మూడు దారుల కుళాయి తగిలించి, 20 నుంచి 30 నిమిషాల్లో నాలుగైదు నమూనాలు తీస్తారు. ముందే గాలి తీసేసిన 12 మిల్లీలీటర్ల సీసాలోకి 20 మిల్లీలీటర్లకు పైగా కూరాలి. లోపల ఒత్తిడి ఎక్కువుంటే, రబ్బరు మూత కాస్త లీకైనా గ్యాస్ బయటికే పోతుంది కానీ బయటి గాలి లోపలికి రాదు. ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (నమూనాలో ఏ వాయువు ఎంతో విడదీసి చూపే యంత్రం) మీద ప్రతి పది నమూనాలకు ఒకసారి ప్రామాణిక గ్యాస్ పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు లెక్క. 5 నిమిషాల్లో మీథేన్ 2.00 నుంచి 2.60 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) పెరిగింది. సెకనుకు 0.002 పీపీఎం. 10 డిగ్రీల దగ్గర, మామూలు ఒత్తిడిలో ఘనపు మీటరు గాలిలో 43 మోల్స్ ఉంటాయి. పెట్టె ఘనపరిమాణాన్ని అడుగు వైశాల్యంతో భాగిస్తే 0.3 మీటరు. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు చదరపు మీటరుకు దాదాపు 26 నానోమోల్స్ వస్తుంది. మీథేన్ అణుభారం 16తో గుణించి రోజుకు మారిస్తే 36 మిల్లీగ్రాములు.

ఈ లెక్కలో ఆ 0.3 మీటరే మోసం చేసేది. శీతాకాలంలో నేల ఉబ్బి కాలరును పైకి నెడుతుంది. 3 సెంటీమీటర్లు లేచిందంటే పెట్టె లోపలి ఎత్తు పది శాతం పెరిగినట్టే, ఫలితమూ పది శాతం తప్పినట్టే. నీటిమట్టం పెరిగి కాలరులోకి వస్తే తప్పు ఎదురు వైపు. అందుకే ప్రతిసారీ నాలుగు మూలలా కాలరు ఎత్తును స్కేలుతో కొలిచి రాసుకోవాలి. దాంతోపాటు నీటిమట్టం, 5, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో నేల వేడి, ఉక్కు కడ్డీ గుచ్చి మంచు తగిలేదాకా కరిగిన లోతు. ఇవి లేని ఫ్లక్స్ అంకె, అంటే నేల నుంచి ఎంత వాయువు వస్తోందన్న అంకె, ఆ తరువాత ఎవరికీ పనికిరాదు.

ఇంకొకటి. పెట్టె దగ్గరికి చెక్క బల్లల దారి వేసుకోకుండా నేరుగా నడిచి వెళ్తే మీ బరువుకే నేలలోంచి బుడగలు లేస్తాయి. గ్రాఫులో మొదటి నిమిషంలో ఒక్కసారిగా ఎగిరి తరువాత నిదానించిన గీత కనిపిస్తే చాలాసార్లు అది కాళ్ల గుర్తే. మధ్యలో మెట్టులా లేచి మళ్లీ అదే వాలుతో సాగితే అది నిజంగా వచ్చిన బుడగ కావచ్చు. మొదటిదాన్ని తీసేయాలి. రెండోదాన్ని విడిగా లెక్కగట్టాలి తప్ప పారేయకూడదు.

ప్రశ్న: కొన్ని చోట్ల మాకు మైనస్ అంకెలు వస్తున్నాయి. ఆర్-స్క్వేర్ (కొలతలు సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.9 కంటే తక్కువ వచ్చిన కొలతలన్నీ తీసేయమంటున్నారు. సరేనా?

వద్దు. మైనస్ అంటే నేల మీథేన్‌ను తినేస్తోందని. మెట్టగా ఆరిన టండ్రాలో మీథేన్‌ను తినే బాక్టీరియా ఉంటుంది, అక్కడ అది మామూలే. సైబీరియాలోని లీనా నది డెల్టా లాంటి చోట్ల నేల పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. పలక నడుమ నీళ్లు నిలిచి మీథేన్ వస్తుంటే, రెండు మూడు మీటర్ల దూరంలో ఎత్తుగా ఉన్న గట్టు మీద దాదాపు సున్నా, లేదా మైనస్.

ఆర్-స్క్వేర్ కత్తెరతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఫ్లక్స్ సున్నాకి దగ్గరగా ఉంటే గీత దాదాపు చదునుగా ఉంటుంది, అప్పుడు ఆర్-స్క్వేర్ ఎలాగూ పడిపోతుంది. కొలతలో తప్పేమీ లేదు. వాటిని తీసేస్తే మిగిలినవన్నీ పెద్ద అంకెలే, సగటు అమాంతం పెరుగుతుంది. మీ పరికరం రణగొణను బట్టి గుర్తించగలిగే అతి చిన్న ఫ్లక్స్ ఎంతో ముందు లెక్కగట్టండి. దానికి లోపల ఉన్నవాటిని సున్నాకి దగ్గరి అంకెలుగా, దోషపు అంచులతో సహా ఉంచండి. తీసేయాల్సింది లీకైన పెట్టెను, ఆగిపోయిన ఫ్యానును.

ప్రశ్న: ఎడ్డీ కోవేరియన్స్ టవర్ పెడితే పెట్టెల గోలే ఉండదంటారు. నిజమేనా? పోలార్ స్టేషన్లలో వాటితో వచ్చే ఇబ్బందులేమిటి? (ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్)

టవర్ పని చేసే తీరు ఇదీ. గాలి సుడులు సుడులుగా పైకీ కిందికీ కదులుతుంది. పైకి లేచే సుడిలో మీథేన్ కాస్త ఎక్కువ, దిగే సుడిలో కాస్త తక్కువ ఉంటే ఆ తేడాయే నేల నుంచి వస్తున్నది. శబ్దతరంగాలతో గాలి వేగాన్ని చూసే సోనిక్ అనిమోమీటర్, పక్కనే మీథేన్ లేజర్ సెన్సర్, రెండూ సెకనుకు 10 లేక 20 సార్లు కొలుస్తాయి. అరగంటకో సగటు. 20 సార్లంటే ఒక్క అరగంటలో 36,000 జతలు. మనిషి అవసరం లేకుండా రాత్రీ పగలూ సాగుతుంది, నేలను తొక్కే పనీ లేదు. ఎత్తుకు వంద రెట్ల దూరం చూస్తుందని ముతక లెక్క, 3 మీటర్ల టవర్ అయితే గాలి వచ్చే వైపు 300 మీటర్లు. గాలి దిశ మారితే చూసే నేల కూడా మారిపోతుంది. పొద్దున చెరువు వైపు, సాయంత్రం గట్టు వైపు. ఆ రెండు అంకెలను చూసి రోజులో మార్పు అనుకుంటే పొరపాటే.

మీరు టెక్నీషియన్ కాబట్టి అసలు సంగతి కరెంటు దగ్గర మొదలవుతుంది. గాలిని గొట్టంలోంచి లాగి లోపల కొలిచే క్లోజ్డ్ పాత్ పరికరం ఖచ్చితమైనదే కానీ దాని పంపుతో కలిపి వందల వాట్లు తాగుతుంది. జనరేటరు పెట్టాలి, దాని పొగ టవర్ వైపు రాకూడదు. గాలిలో తెరిచి ఉండే ఓపెన్ పాత్ పరికరం పది వాట్ల లోపు నడుస్తుంది, సోలార్ పలకలకూ బ్యాటరీలకూ సరిపోతుంది. అందుకే మారుమూల చోట్ల అదే పెడతారు. బదులుగా దాని అద్దాల సేవ చేస్తూ ఉండాలి. రెండు అద్దాల మధ్య లేజర్ కిరణం అటూ ఇటూ తిరుగుతుంది. కింది అద్దం మీద మంచు, చినుకులు, పుప్పొడి, దోమలు, అన్నీ చేరతాయి. పరికరం ప్రతి క్షణం సిగ్నల్ బలాన్ని రాస్తుంది, అది పడిపోయిన అరగంటలను వదులుకోవాలి. అద్దాన్ని వేడి చేసే ఏర్పాటు ఉంటుంది కానీ దానికీ కరెంటు కావాలి. ధ్రువ రాత్రిలో సోలార్ పలక ఉత్త పలకే.

క్లోజ్డ్ పాత్‌లో ఆలస్యం చూసుకోవాలి. 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 5 మీటర్ల పొడవు గొట్టంలో నిమిషానికి 30 లీటర్లు లాగితే గాలి చేరడానికి 0.3 సెకను పడుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే ప్రవాహం తగ్గి ఆ ఆలస్యం పెరుగుతుంది. సోనిక్‌తో జత కుదరక ఫ్లక్స్ చడీచప్పుడు లేకుండా తగ్గిపోతుంది. ఎర్రలైటు వెలగదు, హెచ్చరిక రాదు. గ్రాఫు మాత్రం అందంగానే ఉంటుంది. ఆలస్యాన్ని ప్రతి వారం సరిచూసుకోవడం తప్ప మార్గం లేదు.

సోనిక్ కొమ్ముల మీద మంచు పేరితే వేగం తప్పుతుంది. వేడి చేస్తే కరుగుతుంది, కానీ ఆ వేడి గాలి సోనిక్ చూసే ఉష్ణోగ్రతనే మారుస్తుంది. కాబట్టి మంచు పట్టినప్పుడే హీటరు వేయాలి, వేసిన సమయం రికార్డు కావాలి. ఇక ఓపెన్ పాత్‌కు గాలి సాంద్రత సవరణ ఒకటుంది. గాలి వేడెక్కినా, తేమ పెరిగినా ఘనపు మీటరులోని మీథేన్ అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, నేలకు దాంతో ఏ సంబంధమూ లేకపోయినా. టండ్రా ఫ్లక్స్ తక్కువగా ఉన్న రోజుల్లో ఈ సవరణే అసలు అంకెంత ఉండవచ్చు. అంటే ఉష్ణోగ్రత సెన్సర్ తప్పైతే మీథేన్ తప్పవుతుంది.

గాలి నిలిచిపోయిన రాత్రులు, మంచు తుపాన్లు, మసకబారిన అద్దాలు, ఇవన్నీ తీసేశాక ఏడాదిలో సగం కూడా మిగలకపోవడం మామూలే. ఖాళీలను నేల వేడి, ఒత్తిడి, గాలి వేగాలతో నేర్పిన మోడల్ పూరిస్తుంది. వార్షిక మొత్తం అని ప్రకటించే అంకెలో ఆ పూరణ ఎంతో చూడండి. మా అభిప్రాయంలో టవర్ ఉన్నచోట కూడా పది పెట్టెలు ఉండాలి. టవర్ ఎంత అని చెబుతుంది, ఎక్కణ్ణుంచి అన్నది పెట్టెలే చెబుతాయి.

ప్రశ్న: నేల గడ్డకట్టాక మీథేన్ ఆగిపోతుంది కదా, శీతాకాలం కొలతలు ఎందుకు?

చాలాకాలం అందరూ అలాగే అనుకుని సెప్టెంబరులో సామాన్లు సర్దుకుని వచ్చేసేవారు. గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బెర్గ్‌లో 2007లో పెట్టెలను శరత్కాలం చివరిదాకా నడిపి చూస్తే, నేల గడ్డకట్టే కొద్ది వారాల్లో వచ్చినది వేసవి మొత్తంలో వచ్చినదానికి దాదాపు సమానమని తేలింది. పైనుంచి గడ్డకడుతూ, కింద పర్మాఫ్రాస్ట్ మూసి ఉంటే నడుమ పొర నొక్కుకుపోయి గ్యాస్ బయటికి తోసుకొస్తుంది. 2016లో వెలువడిన అలాస్కా టవర్ల ఫలితాల్లో సెప్టెంబరు నుంచి మే దాకా వచ్చినది ఏడాది మొత్తంలో సగానికి తగ్గలేదు. నేల నడుమ పొర వారాల తరబడి సరిగ్గా సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పైన మంచు, కింద మంచు, నడుమ తడి. అక్కడ సూక్ష్మజీవులు పని ఆపవు.

మంచు కింద టవర్ లేకుండా కొలవాలంటే ఒక పద్ధతి ఉంది. సన్నని ఉక్కు గొట్టంతో మంచులో పైన, మధ్యన, నేల దగ్గర గాలి తీసి మీథేన్ చూస్తారు. 50 సెంటీమీటర్ల మంచులో కిందికీ పైకీ తేడా 1 పీపీఎం, మంచు సాంద్రత ఘనపు మీటరుకు 300 కిలోలు అనుకోండి. మంచు సాంద్రత ఐసు సాంద్రత 917లో మూడో వంతు కాబట్టి ఖాళీ జాగా 0.67. గాలిలో మీథేన్ వ్యాపించే గుణకం సెకనుకు సుమారు 0.2 చదరపు సెంటీమీటర్లు. వంకరదారుల సవరణ కూడా వేస్తే రోజుకు చదరపు మీటరుకు 1.5 మిల్లీగ్రాములు వస్తుంది. తక్కువే, కానీ ఎనిమిది నెలల పాటు. మధ్యలో ఒకరోజు వాన పడి ఐసు పొర కట్టిందంటే ఈ లెక్క చెల్లదు. గ్యాస్ దాని కింద పోగవుతుంది, తేడా పెద్దగా కనిపిస్తుంది, బయటికి వచ్చేది మాత్రం తక్కువ. గాలి బలంగా వీచినా మంచులోంచి గ్యాస్‌ను ఊడ్చేస్తుంది. అందుకని ముందు పక్కనే గుంత తవ్వి మంచు పొరలను కంటితో చూడాలి.

ప్రశ్న: చెరువుల్లో బుడగలను ఎలా లెక్కపెడతారు?

గరాటును బోర్లించి. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు నీటిలో మునిగి ఉంటుంది, మొన మీద గుర్తులున్న గొట్టం. రెండు రోజుల్లో 400 మిల్లీలీటర్లు చేరింది, అందులో 70 శాతం మీథేన్ అయితే, ఆ చోట రోజుకు చదరపు మీటరుకు దాదాపు 340 మిల్లీగ్రాములు. గొట్టంలో ఎక్కువ రోజులు ఉంచితే మీథేన్ మళ్లీ నీళ్లలో కరుగుతుంది, కాబట్టి గ్యాస్ శాతాన్ని కొత్త బుడగల్లోనే చూడాలి.

ఈ అంకెను చెరువు వైశాల్యంతో గుణించకూడదు. బుడగలు కొన్ని చుక్కల్లోనే వస్తాయి. ఆ చుక్కలు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి శరత్కాలంలో తొలి ఐసు కట్టిన వెంటనే, మనిషి బరువు మోయగానే, పైన మంచు ఊడ్చి చూస్తారు. బుడగలు ఐసులో తెల్లటి పళ్లేల్లా దొంతరలుగా చిక్కుకుని ఉంటాయి. విడివిడిగా ఉన్నవి ఒక రకం, కలిసిపోయినవి ఒక రకం, పెద్ద గ్యాస్ సంచులు ఇంకో రకం. అసలు ఐసే కట్టనివ్వని నోళ్లు చివరి రకం. రకానికో గరాటు పెట్టి, ఒక్కో రకం ఎన్ని ఉన్నాయో లెక్కించి గుణిస్తారు. సైబీరియా చెరువుల మీద 2006లో వెలువడిన పరిశోధన ఈ పద్ధతిలోనే వచ్చింది. చివరి రకం దగ్గర ఐసు పలచగా ఉంటుంది, తాడు లేకుండా, ముందు కర్రతో కొట్టి చూడకుండా అడుగు వేయకూడదు.

ప్రశ్న: వచ్చిన మీథేన్ వేల ఏళ్ల నాటి నేలదా, నిన్న కుళ్లిన గడ్డిదా, గ్యాస్ నిక్షేపాలదా అని ఎలా తెలుస్తుంది?

రెండు పరీక్షలు. మొదటిది కార్బన్‌లో బరువైన రకం, కార్బన్-13, వాటా ఎంతో చూడటం. చిత్తడి నేలల సూక్ష్మజీవుల మీథేన్‌లో అది తక్కువ, ప్రామాణికంతో పోలిస్తే వెయ్యికి మైనస్ 60, 70 దగ్గర. గ్యాస్ నిక్షేపాల్లో సుమారు మైనస్ 40. వాతావరణ సగటు మైనస్ 47 ప్రాంతం. ఒక్క మెలిక: దారిలో బాక్టీరియా కొంత తినేస్తే, తేలికైనది ముందు పోయి మిగిలినది బరువుగా, గ్యాస్ నిక్షేపంలా కనిపిస్తుంది. అందుకే ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు.

రెండోది రేడియోకార్బన్ వయసు. పైన చెప్పిన సైబీరియా చెరువుల్లో పెద్ద నోళ్ల నుంచి వచ్చిన బుడగల వయసు 35,000 నుంచి 43,000 ఏళ్ల దాకా తేలింది. మంచుయుగం నాటి నేల అడుగున కుళ్లుతోందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు. కెనడాలోని మెకంజీ డెల్టాలో విమాన కొలతలు మరో సంగతి చూపాయి. పర్మాఫ్రాస్ట్‌కు చిల్లులు పడిన చోట్ల నుంచి భూగర్భ గ్యాస్ వస్తోంది. అక్కడి వైశాల్యంలో ఒక శాతం నుంచే ఏడాది మీథేన్‌లో 17 శాతం.

ప్రశ్న: యమాల్ గోతుల వీడియోలు చూశాం. మీథేన్ బాంబు అంటే అదేనా?

ఉత్తర రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో నేల పేలి ఏర్పడిన గోతులు నిజం. 2014లో కనబడినదాని వ్యాసం దాదాపు 20 మీటర్లు, అడుగున గాలిలో మీథేన్ 9.6 శాతం దాకా కొలిచారు. 5 శాతం దాటితే అంటుకుంటుంది కాబట్టి దిగడం ప్రాణాలతో చెలగాటం. కానీ మొత్తం లెక్కలో అది ఎంత? 20 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల లోతు గొయ్యి నిండా పది రెట్ల వాతావరణ ఒత్తిడితో శుద్ధమైన మీథేనే ఉందనుకున్నా 110 టన్నులు. పైన పెట్టె లెక్కలో వచ్చిన రోజుకు చదరపు మీటరుకు 36 మిల్లీగ్రాముల చొప్పున 35 చదరపు కిలోమీటర్ల తడి టండ్రా ఒక్క వేసవిలో అంత వదులుతుంది, చప్పుడు లేకుండా. కెమెరాలు గోతి దగ్గరికే వెళ్తాయి మరి.

ప్రశ్న: సముద్రం అడుగు నుంచి వచ్చేదాని మీద శాస్త్రవేత్తలే ఒకరితో ఒకరు ఏకీభవించరెందుకు?

తూర్పు సైబీరియా తీర సముద్రం లోతు సగటున 50 మీటర్లే, అడుగున మునిగిపోయిన పర్మాఫ్రాస్ట్ ఉంది. అక్కడి నుంచి ఏడాదికి కోటీ 70 లక్షల టన్నులని 2014లో ఒక అంచనా వచ్చింది. అంత కాదు, 29 లక్షల టన్నులేనని 2016లో ఇంకొకటి. ఓడ మీద పంపుతో నీళ్లు లాగి, అందులో కరిగిన మీథేన్‌ను విశ్లేషకంలో చూసి, గాలిలో ఉన్నదాని కంటే ఎంత ఎక్కువో లెక్కించి, దాన్ని గాలి వేగం మీద ఆధారపడే ఒక గుణకంతో గుణిస్తారు. ఆ గుణకం గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే గాలి రెట్టింపైతే ఫలితం నాలుగింతలు. ఓడ వెళ్లేది ఐసు లేని కొద్ది వారాలు. ఎగసే బుడగలను సోనార్ (శబ్దతరంగాలతో నీటి అడుగును చూసే పరికరం) మీద చూసి కొలిచేవారి దారి వేరు. కొన్ని చుక్కలను మొత్తం తీరానికి ఎలా సాగదీశారన్న దగ్గరే తేడా అంతా.

లోతు కూడా ముఖ్యం. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల పడమట సముద్రం అడుగు నుంచి లేచే 250 కంటే ఎక్కువ బుడగల ధారలను 2008లో ఓడ సోనార్ చూసింది. లోతైన అడుగు నుంచి లేచే బుడగలోని మీథేన్ దారిలోనే నీళ్లలో కరిగిపోతుంది. పైన గాలిలో కొలిస్తే పెద్దగా ఏమీ చేరడం లేదని 2016లో తేలింది. పైగా అడుగున పేరిన సున్నపు పొరల వయసు చూస్తే ఆ ధారలు కనీసం 3,000 ఏళ్లుగా ఉన్నాయి. సోనార్ చిత్రం చూసి వాతావరణం అంకె చెప్పేవారిని నమ్మకండి.

ప్రశ్న: ఇంతకీ పెరుగుతోందా లేదా? ఒక పత్రికలో పెరగలేదని, ఇంకో దాంట్లో పెరిగిందని.

రెండూ నిజమే కావచ్చు. అలాస్కా ఉత్తర కొసన ఉట్‌కియాగ్విక్‌లో నేల వైపు నుంచి వచ్చే గాలిని 29 ఏళ్ల రికార్డులో చూసి, వేడి బాగా పెరిగినా మీథేన్ చెప్పుకోదగినంత పెరగలేదని 2016లో తేల్చారు. లీనా డెల్టాలోని సమోయ్‌లోవ్ దీవి టవర్ మాత్రం 2004 నుంచి జూన్, జూలై నెలల్లో ఏడాదికి సుమారు 2 శాతం పెరుగుదల చూపిందని 2022లో వచ్చింది. మొదటిది వందల కిలోమీటర్ల సగటు, ఏడాదిలో ఎక్కువ భాగం. రెండోది ఒక దీవి, రెండు నెలలు. మంచు ముందే కరిగి నేల ముందే వేడెక్కితే తొలి వేసవి పెరుగుతుంది, ఆ తరువాత నేల ఆరితే తగ్గవచ్చు.

నేల మీది అంకెలను కూడి చెప్పే మొత్తం, వాతావరణాన్ని చూసి వెనక్కి లెక్కగట్టే మొత్తం కంటే ఎక్కువ రావడానికి ఇంకో మామూలు కారణం ఉంది. చిన్న చెరువును ఒక పటం చిత్తడి నేల అంటుంది, ఇంకో పటం చెరువు అంటుంది. రెండింటినీ కూడితే ఒకే నీళ్లను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. 2022 నుంచి రష్యా స్టేషన్ల డేటా చాలావరకు అందకపోవడం వల్ల ఇప్పుడు మిగిలిన స్టేషన్లు సైబీరియాకు బదులు మాట్లాడాల్సి వస్తోంది. అది ఏ సవరణతోనూ సరిపోయే లోటు కాదు.

ప్రశ్న: ధ్రువాలంటూ అంతా ఆర్కిటిక్ గురించే. అంటార్కిటికా?

అక్కడ తడి నేల దాదాపు లేదు, కొలవాల్సింది సముద్రం అడుగునా, మంచు ఫలకం కిందా. రాస్ సముద్రంలోని మెక్‌మర్డో సౌండ్‌లో 10 మీటర్ల లోతులో 2011లో కనబడిన మీథేన్ ఊట మీద డైవర్లు ఐదేళ్ల పాటు నమూనాలు తీశారు. ఆ ఊటకు వేడెక్కడం కారణం కాదు. ఆ మీథేన్‌ను తినాల్సిన సూక్ష్మజీవులు ఐదేళ్లయినా పూర్తిగా చేరుకోలేదని ఆ నమూనాలు చూపాయి. డైవర్లకు అది కనబడింది అడుగున పరుచుకున్న తెల్లటి బాక్టీరియా చాప వల్ల. దాని పొడవు 70 మీటర్లు.